వంటగట్టుకు రీసైకిల్డ్ పలకా, మన రాయా? కొనేముందు చూసుకోవలసినవి

షోరూంలో పలక చూపించి "సార్, ఇందులో డెబ్బై శాతం పాత గాజే" అంటారు. పలక కూడా ముచ్చటగానే ఉంటుంది. తెల్లటి నేల మీద ఆకుపచ్చ సీసా ముక్కలు, అక్కడక్కడా నీలం. అప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒకటే: మిగతా ముప్ఫై శాతం ఏమిటి? సిమెంటా, రెసిన్ అనే రసాయన జిగురా, ప్లాస్టిక్కా? గాజు ముక్కకు నిమ్మరసం ఏమీ చెయ్యదు, పసుపు అంటదు, ఎన్నేళ్ళయినా అలాగే ఉంటుంది. మరక పట్టేదీ, వేడికి రంగు మారేదీ, రేపు తీసేస్తే ఎందుకూ పనికిరాకుండా చేసేదీ ఆ ముక్కల్ని అతికించిన పదార్థమే. అందుకే ఇలాంటి సరుకుల్ని పోల్చేటప్పుడు నేను ఏ చెత్తతో చేశారన్నది తర్వాత చూస్తాను, దేనితో అతికించారన్నది ముందు చూస్తాను. కింద చెప్పేదంతా ఆ వరసలోనే ఉంటుంది.

ఉన్నదాన్ని పీకించే ముందు

పాత ఫ్లాటు కొన్నవాళ్ళు, మాడ్యులర్ కిచెన్ పెట్టించుకునేవాళ్ళు మొదట చేయించే పని పాత గ్రానైట్ గట్టు పగలగొట్టించడం. పదిహేనేళ్ళు వాడినా ఆ రాయికి అయ్యేదేమీ ఉండదు. పోయేది పైన మెరుపు, సింకు చుట్టూ జాయింట్లు, అంచుల్లో లేచిన పెచ్చులు. మూడూ బాగయ్యేవే. గ్రానైట్ పాలిష్ పనివాళ్ళు చేతి మెషిన్ తెచ్చి, నీళ్ళు పోస్తూ, గరుకు ప్యాడ్ నుంచి నున్నటి ప్యాడ్ దాకా మార్చుకుంటూ మళ్ళీ మెరుపు తెస్తారు. జాయింట్లలో నల్లబడ్డ తెల్ల సిమెంటు గీకించేసి ఎపాక్సీ నింపిస్తే బొద్దింకలకు చోటుండదు. కింద అరలూ షట్టర్లూ మార్చుకోండి, పైన రాయి ఉండనివ్వండి. కొత్తగా ఏదీ తయారు కానక్కర్లేదు, ఏదీ లారీ ఎక్కనక్కర్లేదు. ఏ షోరూం పలకా దీనికి సాటి రాదు.

ఇంకో లెక్క కూడా చూడండి. మామూలు ఫ్లాట్లో గట్టు రెండడుగుల వెడల్పు, రెండు వైపులా కలిపి పదిహేను పదహారు అడుగుల పొడవు ఉంటుంది. అంటే 30, 32 చదరపు అడుగులు. అదే ఇంట్లో వార్డ్‌రోబ్‌లు, టీవీ యూనిట్, వంటింటి అరలు అన్నీ కలిపితే బోర్డు పని కొన్ని వందల చదరపు అడుగులు. నేల వెయ్యికి అటూ ఇటూ. గట్టు కంటికి ఎదురుగా కనిపిస్తుంది కాబట్టి ఆలోచనా, డబ్బూ దాని మీదే పోతాయి. పర్యావరణం గురించి నిజంగా పట్టింపు ఉంటే బోర్డుల దగ్గరా నేల దగ్గరా తీసుకునే నిర్ణయమే ఎక్కువ తూగుతుంది. గట్టు విషయంలో మాత్రం ముందు చూడాల్సింది మన్నిక. ఐదేళ్ళకే మార్చాల్సి వస్తే అది ఎంత రీసైకిల్డ్ అయినా దండగే.

మన గట్టు పడే పాట్లు

విదేశీ కేటలాగుల్లో కాఫీ మరక, వైన్ మరక గురించి రాస్తారు. మన గట్టు మీద పడేవి వేరు. చింతపండు పులుసు, పిండేసిన నిమ్మచెక్క, పసుపు కలిసిన నూనె, ఆవకాయ ఊట. స్టవ్ మీంచి దించి పక్కన పెట్టిన పోపు మూకుడు, దోసెల పెనం. మూలన కదలకుండా కూర్చున్న గ్రైండర్ బరువు. కొబ్బరికాయ కొట్టేదీ, అల్లం వెల్లుల్లి దంచేదీ చాలా ఇళ్ళలో గట్టు మీదే. పొద్దున్నుంచి రాత్రిదాకా తడి సరేసరి.

కాబట్టి ఏ పలకైనా అరచేతంత శాంపిల్ అడిగి ఇంటికి తెచ్చుకోండి. ఇవ్వనంటే ఇంకో షాపు చూసుకోండి. ఒక మూల నిమ్మచెక్క బోర్లించండి, ఇంకో మూల చిక్కటి చింతపండు గుజ్జు, మూడో మూల పసుపూ నూనే కలిపిన ముద్ద పెట్టి రాత్రంతా వదిలేయండి. నాలుగో మూల, పోపు వేగిన చిన్న మూకుడు స్టవ్ మీంచి తీసి నేరుగా పెట్టండి. పొద్దున కడిగి, కిటికీ దగ్గర వెలుతురుకు వాలుగా పట్టుకుని చూడండి.

సిమెంటు పలక అయితే నిమ్మచెక్క ఉన్నచోట గుండ్రంగా మెరుపు చచ్చి, తెల్లగా పాలిపోయి కనిపిస్తుంది. వేలితో రాస్తే సిమెంటు భాగం గరుకుగా, గాజు ముక్కలు మాత్రం ఎప్పటిలా నున్నగా తగులుతాయి. ఎంత తుడిచినా అది పోదు. పులుపు సిమెంటులోని సున్నాన్ని తినేసింది మరి. పసుపు అంత మొండిది కాదు, ఎండ తగిలితే వెలిసిపోతుంది. కానీ గట్టును ఎండలో ఆరేయలేం కదా. రెసిన్ పలకకు నిమ్మకాయ వల్ల ఏమీ కాదు, మూకుడు పెట్టినచోట తేడా వస్తుంది. పచ్చటి వలయమో, వెలిసిన మచ్చో పడుతుంది. మంచి నల్ల గ్రానైట్ ముక్క మీద ఈ నాలుగు మూలల్లో దేనికీ గుర్తు మిగలదు. మిగిలిందంటే దానికి రంగు పూశారేమో అనుమానించాలి.

సిమెంటుతో అతికినవి

టెరాజో అని ఇప్పుడు కొత్తగా అమ్ముతున్నది మన పాత ఇళ్ళలో, ప్రభుత్వ ఆఫీసుల్లో, బస్టాండుల్లో ఉన్న మొజాయిక్ గచ్చే. అప్పట్లో పాలరాతి చిప్స్ వేసేవాళ్ళు, ఇప్పుడు పాత సీసాల ముక్కలు, పగిలిన టైల్స్, పగిలిన అద్దాలు వేస్తున్నారు. సిమెంటులో కలిపి పోసి, గట్టిపడ్డాక మెషిన్‌తో అరగదీసి పాలిష్ చేస్తారు. పలకలుగా చేసి అమ్మేవాళ్ళున్నారు, ఇంటికొచ్చి పోసేవాళ్ళూ ఉన్నారు. పని తెలిసిన మేస్త్రీ దొరికితే రెండోదే చవక.

గాజుకూ సిమెంటుకూ ఒక పాత పగ ఉంది. సిమెంటులో ఉండే క్షారం గాజులోని సిలికాతో మెల్లగా కలిసి బంకలాంటి పదార్థంగా మారుతుంది. ఆ బంక తేమ పీల్చుకుని ఉబ్బుతుంది. పోసినప్పుడు కళకళలాడిన పలక మీద ఏడాదికో, రెండేళ్ళకో సాలెగూడులాగా సన్నటి పగుళ్ళు లేస్తాయి. సింకు పక్కన ఎప్పుడూ తడిగా ఉండే చోట ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. దీనికి మందు తెలిసినదే: సిమెంటులో కొంత భాగం తగ్గించి ఫ్లైయాష్ గానీ, ఉక్కు ఫ్యాక్టరీలో మిగిలే స్లాగ్ పొడి గానీ, మెటాకావోలిన్ అనే కాల్చిన తెల్లమట్టి పొడి గానీ కలపాలి. మొదటి రెండూ మనకు దూరం నుంచి రానక్కర్లేదు. విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలో బొగ్గు కాల్చగా మిగిలే బూడిద ఒకటి, విశాఖ ఉక్కు స్లాగ్ ఇంకోటి. పైగా సిమెంటుకు మూలసరుకైన క్లింకర్ టన్ను తయారైతే 800 కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోతుంది, కాబట్టి సిమెంటు ఎంత తగ్గితే అంత నయం. ఫ్లైయాష్ కలిపితే పలక రంగు కొంచెం బూడిదగా వస్తుంది, స్లాగ్, మెటాకావోలిన్ అయితే తెలుపు దాదాపు నిలుస్తుంది. "సిమెంటులో ఏం కలుపుతారు?" అని తయారీదారుని అడగండి. టకటకా చెబితే పని తెలిసినవాళ్ళు. తెల్లముఖం వేస్తే ఆ పలక మీద డబ్బు పెట్టకండి.

పైన సీలర్ వెయ్యాలి, దాన్ని ఏడాదికో రెండేళ్ళకో మళ్ళీ వేయిస్తూ ఉండాలి. అది మనవల్ల అయ్యే పనేనా అని నిజాయితీగా ఆలోచించుకోండి. నేనైతే గాజు మొజాయిక్‌ను స్టవ్ ఉన్న గట్టుకు చెప్పను. డైనింగ్ టేబుల్ మీద, పూజగది అరుగుకు, హాల్లో నేలకు, కిటికీ గట్టుకు కళ్ళు మూసుకుని చెబుతాను. వాష్‌బేసిన్ కౌంటర్‌కు కూడా బాగుంటుంది, కానీ బాత్రూంలో యాసిడ్ పోసి కడిగే అలవాటున్న ఇల్లయితే అక్కడా వద్దు. ఒక్కసారి పోస్తే చాలు, పలక మెరుపు పోయినట్టే.

రెసిన్‌తో అతికినవి

క్వార్ట్జ్ అని పిలిచే పలకలు గనిలోంచి అలాగే కోసి తెచ్చినవి కావు. నూటికి తొంభై పాళ్ళ దాకా క్వార్ట్జ్ పొడి, గులకలు, మిగతాది పాలియెస్టర్ రెసిన్ కలిపి ఒత్తి చేసినవి. విశాఖ దగ్గర అచ్యుతాపురంలో, హైదరాబాద్ శివార్లలో తయారవుతాయి, అందులో పెద్ద భాగం అమెరికాకు పోతుంది. క్వార్ట్జ్ బదులు పాత గాజు, అద్దం ముక్కలు కొంత కలిపినవి రీసైకిల్డ్ పేరుతో వస్తున్నాయి.

మరక విషయంలో వీటికి తిరుగులేదు. సీలర్ అక్కర్లేదు, పులుసు ఒలికితే గుడ్డ పెట్టి తుడిచేసుకోవచ్చు. వేడికి మాత్రం తట్టుకోవు. రెసిన్ సుమారు 150 డిగ్రీల దగ్గర దెబ్బతినడం మొదలవుతుంది, పోపు నూనె దాన్ని సునాయాసంగా దాటుతుంది. మూకుడు కింద చెక్క స్టాండు పెట్టే అలవాటు ఇంట్లో అందరికీ ఉండాలి, పనిమనిషితో సహా. బాల్కనీలోకి, నేరుగా ఎండ పడే చోటికి వద్దు, రెసిన్ పచ్చబడుతుంది. పాతబడ్డాక దాన్ని రాయిగా మళ్ళీ వాడలేరు, ప్లాస్టిక్‌గా కరిగించనూ లేరు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది కోత. క్వార్ట్జ్ పలకను పొడిగా కోస్తే లేచే సన్నటి దుమ్ములో స్ఫటిక సిలికా చాలా ఎక్కువ. అది ఊపిరితిత్తుల్లోకి పోతే సిలికోసిస్ వస్తుంది, వచ్చాక నయం చేసే మందు లేదు. యువకులైన కోత పనివాళ్ళలో ఈ జబ్బు బయటపడటంతో ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి ఇలాంటి పలకల తయారీ, సరఫరా, అమరికలను నిషేధించింది. స్ఫటిక సిలికా ఒక శాతం లోపు ఉన్నవాటికి ఆ నిషేధం వర్తించదు. గ్రానైట్‌లోనూ సిలికా ఉంది, కాకపోతే అందులో సగమో మూడోవంతో. గాజులో సిలికా ఉన్నా అది స్ఫటిక రూపంలో ఉండదు. అందువల్ల క్వార్ట్జ్ పూర్తిగా తీసేసి గాజుతో చేసిన పలక అయితే ఈ ఒక్క విషయంలో నిజంగానే మేలు. సగం సగం కలిపినదానికి ఆ మాట చెప్పలేం.

మీ ఫ్లాట్లో మూతికి చేతిరుమాలు కట్టుకుని, దుమ్ములో మనిషే కనపడకుండా సింకు కన్నం కోస్తున్న కుర్రాణ్ణి మీరు చూసే ఉంటారు. ఏ పలక కొన్నా, కొలతలన్నీ ముందే ఇచ్చి, కోత అంతా యార్డులో నీళ్ళు పోస్తూ చేసి తెమ్మని అడగండి. ఇంటికొచ్చాక సర్దుబాటుకు కోయాల్సి వచ్చినా పక్కన ఒకరు నీళ్ళు పోస్తూ ఉండాలి. కాస్త బురద అవుతుంది, అయినా అదే మంచిది.

కాగితం, ప్లాస్టిక్

పాత కాగితాన్ని ఫినాలిక్ రెసిన్‌లో ముంచి వేడితో ఒత్తి చేసే నల్లటి పలకలు అమెరికాలో దొరుకుతాయి. రిచ్‌లైట్, పేపర్‌స్టోన్ అక్కడ తెలిసిన పేర్లు, రెండూ వాషింగ్టన్ రాష్ట్రానివే. అక్కడ ఇల్లు కట్టుకుంటున్న మనవాళ్ళకు పరిశీలించదగ్గ సరుకు. వడ్రంగి పనిముట్లతోనే కోసుకోవచ్చు, చేతికి వెచ్చగా తగులుతుంది, కత్తి గీతలు మాత్రం పడతాయి, రంగు రానురాను ముదురుతుంది. దాన్ని ఓడెక్కించి హైదరాబాద్‌కు తెప్పించుకోవడంలో అర్థం లేదు.

ప్లాస్టిక్ పలకలు ఇప్పుడు మన దేశంలోనూ చేస్తున్నారు. సీసా మూతలు, షాంపూ డబ్బాలు రంగుల వారీగా వేరుచేసి, కరిగించి, షీట్లుగా ఒత్తుతారు. చూడ్డానికి చాలా బాగుంటాయి, పిల్లల గదిలో టేబుల్‌కు ఇంతకంటే ఉల్లాసమైన సరుకు లేదు. వీటిలో ఎక్కువగా వాడే హెచ్‌డీపీఈ అనే ప్లాస్టిక్ 130 డిగ్రీల దగ్గర కరుగుతుంది, వంటగట్టు సంగతి ఇక మాట్లాడక్కర్లేదు. చాపింగ్ బోర్డు బదులు దాని మీద కూరగాయలు తరిగితే ప్లాస్టిక్ పొట్టు కూరలోకే వస్తుంది. టేబుళ్ళు, అరలు, బాత్రూం పార్టిషన్లు, వీటికే ఉంచుకోండి.

ఈ కుటుంబంలో నాకు బాగా నచ్చినది పాల, జ్యూసు డబ్బాలతో చేసే బోర్డు. టెట్రాపాక్ డబ్బాలో నాలుగింట మూడు వంతులు కాగితం, ఐదోవంతు పాలిథీన్, కాస్త అల్యూమినియం. కాగితం మిల్లు గుజ్జు తీసుకున్నాక మిగిలిన పాలిథీన్, అల్యూమినియం పొరల్ని వేడి చేసి ఒత్తితే బోర్డు అవుతుంది. వేరే జిగురు వెయ్యరు, ఆ పాలిథీనే అతికిస్తుంది. కాబట్టి మామూలు బోర్డుల జిగురులోంచి వచ్చే ఫార్మాల్డిహైడ్ అనే ఘాటు వాయువు గొడవ లేదు, చెద పట్టదు, నీళ్ళకు ఉబ్బదు. దగ్గర్నుంచి చూస్తే వెండి తునకలు కనిపిస్తాయి. కొందరికి అది అందం, కొందరికి చెత్తలా అనిపిస్తుంది, పైన లామినేట్ వేసుకోవచ్చు. సింకు కింద అరకు ప్లైవుడ్ బదులు దీన్ని పెట్టించండి. స్టవ్ పక్కన వద్దు.

డబ్ల్యూపీసీ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపిన బోర్డు) పేరుతో, "చెక్కపొట్టుతో చేసింది, ఇకో ఫ్రెండ్లీ" అని అమ్మే బోర్డుల దగ్గర మాత్రం ఆగండి. చాలావాటిలో ప్రధాన సరుకు పీవీసీ, చెక్కపొడి పేరుకే. నీళ్ళకు ఆగుతుంది, నిజమే. నిప్పంటుకుంటే ఊపిరాడని విషపు పొగ వస్తుంది, పాతబడ్డాక కొనేవాడు ఉండడు. అందులో రీసైకిల్డ్ పాలు ఎంతో కాగితం మీద రాసివ్వమని అడిగి చూడండి.

అసలు జిగురే లేనివి

ఈ వరసలో మూడున్నాయి: రాయి, ఉక్కు, పాత కలప. వంటగట్టుకు నా ఓటు మొదటి రెండింటికే.

చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ, కరీంనగర్ టాన్ బ్రౌన్ ప్రపంచమంతా పోతాయి. పెద్ద స్లాబుల్లో ఆర్డరు కోసుకున్నాక మిగిలిన ముక్కలు ప్రతి గ్రానైట్ యార్డులోనూ గోడకు చేరేసి, దుమ్ము పట్టి ఉంటాయి. కట్ పీసులు అని అడిగితే చూపిస్తారు. షోరూం వైపు కాకుండా వెనక్కి వెళ్ళాలి. రెండడుగుల వెడల్పు గట్టుకు నాలుగైదడుగుల పొడవున్న ముక్కలు రెండు మూడు దొరికితే పని అయిపోయినట్టే, ధర కొత్త స్లాబు కంటే బాగా తక్కువ. గనిలో మళ్ళీ పేలుడు అక్కర్లేదు, ఫ్యాక్టరీ అక్కర్లేదు. రీసైకిల్డ్ అని ఎవరూ బోర్డు పెట్టరు గానీ, ఇంతకంటే రీసైకిల్డ్ గట్టు మన రాష్ట్రాల్లో కష్టం.

ముక్కలు ఎంచుకునేటప్పుడు నీళ్ళు చల్లి చూడండి. తడి ఆరేటప్పుడు సన్నటి చీలిక ఉంటే ఆ గీత చివరిదాకా తడిగా మిగిలి బయటపడుతుంది. నల్ల రాయి అయితే వేరువేరు స్లాబుల ముక్కలు కలిసిపోతాయి, చుక్కల రాయి, ఎర్రరాయి అయితే ఒకే లాటువి వెతకాలి. జాయింటు సింకు మధ్యలోకో, స్టవ్ కోత మధ్యలోకో వచ్చేలా కొలుచుకుంటే కనిపించే గీత నాలుగంగుళాలే. ఇంకా చిన్న ముక్కలు మిగిలితే కార్ పార్కింగ్‌లో వేసే క్రేజీ గ్రానైట్ ఉండనే ఉంది. బాల్కనీలో, పెరట్లో వేయించుకోండి.

నాపరాయి సంగతి వేరు. తాండూరు, బేతంచర్ల, కడప బండలు భూమిలోనే పొరలుపొరలుగా ఉంటాయి కాబట్టి విడదీయడానికి పెద్ద యంత్రాలు, పెద్ద కరెంటు ఖర్చు అక్కర్లేదు. నేలకు ఇవి ఎంతో మంచివి, పాత ఇల్లు పడగొట్టినచోట దొరికే బండలు తిరగేసి వేసుకున్నా మన్నుతాయి. కానీ ఇది సున్నపురాయి. చింతపండు పడితే సిమెంటుకు పట్టిన గతే దీనికీ. గట్టు పైకి వద్దు, గట్టు కిందకు తెచ్చుకోండి. పూర్వం వంటింట్లో అరలు కడప బండలతోనే కట్టేవాళ్ళు: నిలువు బండలు, అడ్డ బండలు, ముందు తలుపులు. చెద లేదు, నాని ఉబ్బేది లేదు, బియ్యం డబ్బాల బరువుకు వంగదు. మాడ్యులర్ వాళ్ళు ఇది చెప్పరు, వాళ్ళకు అందులో మిగిలేదేమీ లేదు. కడప బండల అరలకు ముందు మంచి షట్టర్లు బిగించుకుంటే బోర్డు పని సగానికి తగ్గుతుంది. సొంత ఇంటికి, గ్రౌండ్ ఫ్లోరుకు బాగా కుదురుతుంది. ఫ్లాట్లో అయితే బరువు సంగతి ఇంజనీరును అడిగాకే.

స్టీలు గట్టు అంటే హోటల్ గుర్తొచ్చి కొందరు ముఖం చిట్లిస్తారు. వేడి, పులుపు, పసుపు దేన్నీ లెక్కచేయదు, స్టెయిన్‌లెస్ స్టీలు తయారీలో పాత తుక్కు పెద్ద భాగం, ఇరవై ఏళ్ళ తర్వాత తీసేసినా తుక్కు వ్యాపారి డబ్బిచ్చి తీసుకెళతాడు. గీతలు పడతాయి, మొదటి ఏడాది బాధనిపిస్తుంది, తర్వాత గీతలన్నీ కలిసిపోయి ఒకే మసక రంగు వస్తుంది. కింద ప్లైవుడ్ గానీ సిమెంటు బోర్డు గానీ ఆన్చి అతికించకపోతే గిన్నె పెట్టినప్పుడల్లా డప్పు మోగుతుంది.

మోసం గ్రేడులో జరుగుతుంది. గట్టుకు 304 గ్రేడు కావాలి, అందులో క్రోమియం 18, నికెల్ 8 శాతం ఉంటాయి. 202లో నికెల్ తగ్గించి మాంగనీసు పెంచుతారు, చవక, తడిలో తుప్పు చుక్కలు తొందరగా వస్తాయి. షాపువాడు అయస్కాంతం పెట్టి "చూడండి, అంటుకోవట్లేదు, అసలు సరుకు" అంటాడు. 202కీ అయస్కాంతం అంటుకోదు. పైగా నిజమైన 304 కూడా వంచిన మడతల దగ్గర కొద్దిగా అంటుకోవచ్చు. కాబట్టి అయస్కాంతం పక్కన పెట్టేసి, చుక్క వేస్తే రంగు మారే టెస్టు ద్రవం తెమ్మనండి, స్టీలు వ్యాపారుల దగ్గర ఉంటుంది. బిల్లు మీద గ్రేడు రాయించుకోండి. విశాఖ, కాకినాడల్లో సముద్రం దగ్గరైతే 304 మీదా ఉప్పుగాలికి మచ్చలు రావచ్చు, రోజూ తడిగుడ్డతో తుడవగలిగితేనే తీసుకోండి.

పాత కలప, కొత్త బోర్డు

పాత పెంకుటిళ్ళు పడగొట్టినప్పుడు వచ్చే టేకు దూలాలు, తలుపులు, గుమ్మాలు ఈనాటి తోట టేకు కంటే గట్టివి. పాత సామాన్లకు పేరున్న కారైకుడి దాకా వెళ్ళక్కర్లేదు, మన ప్రతి పట్నంలోనూ పాత కలప అడితి ఉంటుంది. డైనింగ్ టేబుల్, కిటికీ గట్టు, మెట్ల పలకలు బ్రహ్మాండంగా వస్తాయి. సింకు దగ్గరికి మాత్రం తేకండి. రంగు వేసి ఉన్న పాత తలుపు గీకించేటప్పుడు జాగ్రత్త: మన దేశంలో ఇళ్ళ రంగుల్లో సీసం (లెడ్) అనే విషలోహానికి 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ళలో 90, అనే హద్దు అమల్లోకి వచ్చింది 2017 నవంబరులోనే. అంతకుముందు వేసిన రంగులో ఎంత ఉందో తెలియదు. ఇంట్లో పొడిగా గీకవద్దు, పిల్లలు, గర్భిణులు ఉన్నచోట అసలే వద్దు. మేకులన్నీ పీకారో లేదో చూడకపోతే రంపం మిల్లువాడు తిడతాడు.

బోర్డుల దగ్గర చెరకు పిప్పి బోర్డు అడిగి చూడండి. చెరకు గానుగాడాక మిగిలే పిప్పితో చేసే పార్టికల్ బోర్డు ఇది, అడవి చెట్టు కొట్టనక్కర్లేదు. జిగురు మాత్రం మామూలు పార్టికల్ బోర్డుదే, కాబట్టి ఫార్మాల్డిహైడ్ ప్రశ్న అలాగే ఉంటుంది. ఆ వాయువు తక్కువగా వదిలే రకాలకు ఇచ్చే గ్రేడు ఈ-1 లేదా ఈ-0 అని రాతలో ఉండాలి. కొత్త వార్డ్‌రోబ్ తెరవగానే కళ్ళు మండితే ఆ జిగురే కారణం. పార్టికల్ బోర్డు ఏదైనా తడికి పనికిరాదు, పడకగది అల్మరాలకు సరే. వంటింట్లో సింకు చుట్టూ ఐఎస్ 710 ముద్ర ఉన్న, నీటికి తట్టుకునే ప్లైవుడ్ గానీ, పైన చెప్పిన పాలడబ్బాల బోర్డు గానీ వాడండి. మిగతా అరలకు తక్కువ రకం సరిపోతుంది, అంతటా ఖరీదైన ప్లైవుడ్ పెట్టించడం వడ్రంగి కమీషన్ కోసమే.

ముద్రలూ శాతాలూ

రీసైకిల్డ్ శాతం చెప్పినప్పుడు అది జనం వాడి పారేసినదా, ఫ్యాక్టరీలో మిగిలినదా అని అడగాలి. రెండో రకం ఎలాగూ ఎక్కడో అక్కడ వాడేసేదే. తన మెషిన్‌లో మిగిలిన ముక్కల్ని అదే మెషిన్‌లో మళ్ళీ వేసుకోవడం అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం రీసైకిల్డ్ లెక్కలోకే రాదు. మన దగ్గర పరిశ్రమల సమాఖ్య సీఐఐ పర్యావరణానికి మేలైన సరుకులకు ఇచ్చే గ్రీన్‌ప్రో ముద్రను పట్టించుకోవచ్చు. ఆ ముద్ర ఇచ్చే సీఐఐ గ్రీన్ బిజినెస్ సెంటర్ ఉన్నది హైదరాబాద్‌లోనే. 2004లో రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించిన ఆ భవనం పర్యావరణహిత భవనాలకు ఇచ్చే లీడ్ ప్లాటినం గుర్తింపును అమెరికా బయట పొందిన మొదటిది, అందులో ఫ్లైయాష్, పగిలిన గాజు, పగిలిన టైల్స్, చెరకు పిప్పి అన్నీ వాడారు. ముద్ర లేకపోతే సరుకు చెడ్డదని కాదు. యార్డులో కట్ పీసుకు ముద్ర ఎవరిస్తారు?

ఎవరికి ఏది

అద్దె ఇల్లయితే గట్టు జోలికి వెళ్ళకండి. ప్లాస్టిక్ షీటుతో టేబుల్, పాత కలప అర చేయించుకోండి, ఇల్లు మారినా వెంట వస్తాయి. పాత ఫ్లాటు కొన్నవాళ్ళు గ్రానైట్‌కు పాలిష్ పెట్టించి, మిగిలిన డబ్బు ఈ-0 బోర్డుల మీద పెట్టండి. కొత్తగా సొంత ఇల్లు కడుతుంటే స్టవ్, సింకు గట్టుకు గ్రానైట్ కట్ పీసులు, కింద కడప బండల అరలు, హాల్లో గాజు మొజాయిక్ గచ్చు. ఈ కలయిక మించినది నాకు తట్టలేదు, ఖర్చు కూడా మామూలు మాడ్యులర్ కిచెన్ దాటకపోవచ్చు. తెల్లటి గట్టే కావాలి, మరక కనపడకూడదు, మూకుడు కింద స్టాండు పెడతాం అనేవాళ్ళు గాజు కలిపిన రెసిన్ పలక తీసుకోవచ్చు. అందులో క్వార్ట్జ్ శాతం అడిగి, తక్కువ ఉన్నదే తీసుకోండి. వంట పెద్దగా ఉండని, టీ కాచుకోవడమే ఎక్కువైన ఇంట్లో సిమెంటు టెరాజో గట్టు కూడా నడుస్తుంది. వారానికోసారి పులిహోర కలిపే ఇంట్లో నడవదు.

బేరం దగ్గర

చదరపు అడుగు ధర ఒక్కటే అడిగితే మోసపోతారు. అంచు గుండ్రం చేసే పని రన్నింగ్ ఫుట్టు లెక్కన వేరుగా వేస్తారు. సింకు కన్నం, స్టవ్ కన్నం, కుళాయి రంధ్రాలు, జాయింటు ఎపాక్సీ, మోత, పై అంతస్తుకు ఎక్కించే కూలీ, అన్నీ కలిపి ఒక్క అంకె రాసివ్వమనండి. 20 మిల్లీమీటర్ల గ్రానైట్ చదరపు అడుగు సుమారు ఐదు కిలోలు తూగుతుంది, 32 అడుగుల గట్టంటే 160 కిలోలు. లిఫ్టులో పట్టని ముక్కకు మోత కూలీ పెరుగుతుంది, కట్ పీసులకు ఆ బెడద తక్కువ. సీలర్ వెయ్యాల్సిన పలకైతే మొదటి కోటు ధరలో కలిసిందో లేదో, తర్వాతి కోటుకు ఎవరు వస్తారో తేల్చుకోండి.

సింకు కోసం, స్టవ్ కోసం కోసి తీసేసిన ముక్కలకు కూడా మీరు డబ్బు కట్టారు, కొలత మొత్తం పలకదే కదా. పనివాళ్ళు వాటిని బండిలో వేసుకుని వెళ్ళకముందే అడిగి పక్కన పెట్టించుకోండి. అంచు నున్న చేయిస్తే ఒకటి చపాతీ పీట అవుతుంది, రెండోది బాల్కనీ గుమ్మానికి సరిపోతుంది.